అమ్మని క్లినికల్ ట్రయల్‌లో చేర్చమంటున్నారు, ఒప్పుకోవచ్చా?

పెన్నా ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. అమ్మకి 56 ఏళ్ళు. రొమ్ములో గడ్డ ఉందని హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో చూపిస్తే బయాప్సీ చేసి క్యాన్సర్ అన్నారు. క్యాన్సర్ కణాల మీద హెర్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే రకం, హెర్-2 పాజిటివ్ అట. చంకలో గ్రంథులకి కూడా పాకింది. ముందు కీమోతో పాటు ట్రాస్టుజుమాబ్ అనే సూది ఇచ్చి గడ్డని తగ్గించి, ఆ తర్వాత ఆపరేషన్ చేస్తామన్నారు. ఆపరేషన్ అయ్యాక కూడా ఆ సూది ఆపకూడదట. మూడు వారాలకొకటి చొప్పున మొత్తం ఏడాది వేయించాలి. దానికి వాళ్ళు చెప్పిన లెక్క మా శక్తికి మించింది.

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరుగారు, "ఇక్కడ ఒక ట్రయల్ నడుస్తోంది, మీ అమ్మగారు దానికి సరిపోయేలా ఉన్నారు, ఆలోచించుకోండి" అని కోఆర్డినేటర్ దగ్గరికి పంపారు. ఆ అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. ఇప్పటికే వాడుకలో ఉన్న ట్రాస్టుజుమాబ్ కొందరికి, ఒక కంపెనీ కొత్తగా తయారు చేసిన అదే రకం మందు ఇంకొందరికి ఇస్తారట. ఎవరికి ఏది పడిందో మాకూ తెలియదు, డాక్టరుకీ తెలియదట. మందు, పరీక్షలు ఉచితం, రానుపోను ఛార్జీలు కూడా ఇస్తారట. తెలుగులో 20 పేజీలు దాటిన ఫారం ఒకటి ఇచ్చి, ఇంటికి తీసుకెళ్ళి చదువుకోమన్నారు.

చదివేకొద్దీ టెన్షన్ ఎక్కువైంది. దుష్ప్రభావాలు, మరణం, నష్టపరిహారం అన్న మాటలు పేజీకొకటి ఉన్నాయి. అమ్మ మీద ప్రయోగం చేస్తున్నట్టేనా? ఉత్త సూది వేసి మందని చెప్తారా? మధ్యలో వద్దంటే వైద్యం ఆపేస్తారా? అంత ఖరీదైన మందు ఉచితంగా ఎందుకిస్తారు? ఫారం అమ్మకి ఇంకా చూపించలేదు. మూడు రోజుల్లో ఏదో ఒకటి చెప్పాలి. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

కృష్ణలంక వాసి

చెల్లెమ్మా, నా మాట విని వద్దని చెప్పు. 2011లో పిడుగురాళ్ళ ఆడవాళ్ళకి డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకెళ్ళి, క్యాన్సర్ మందు వేసి చూశారని పేపర్లన్నీ రాశాయి. అంతకు ముందు ఖమ్మం జిల్లాలో హాస్టల్ పిల్లలకి టీకాలు వేసిన గొడవ సంగతి తెలిసిందే. లేనివాళ్ళనే చూసి పట్టుకుంటారు. ఉచితం అన్నారంటే అందులో మెలిక ఉన్నట్టే. అప్పో సప్పో చేసి మామూలు వైద్యమే చేయించు. మా పక్కింటావిడ అలాగే చేయించుకుని బాగుంది.

లెక్కల టీచర్, రిటైర్డ్

అమ్మా, నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో, అంటే ట్రయల్‌లో చేరేవాళ్ళకి అన్యాయం జరగకుండా చూసే కమిటీలో సభ్యురాలిని. కొత్త మందు ట్రయల్ ఏదైనా సరే, ఢిల్లీలో మందులకి అనుమతులిచ్చే డ్రగ్స్ కంట్రోలర్ అనుమతితో పాటు ఇలాంటి కమిటీ అనుమతి కూడా ఉంటేనే ఆసుపత్రిలో మొదలవుతుంది. 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురుండాలి. వాళ్ళలో సగం మందికి ఆ ఆసుపత్రితో సంబంధం ఉండకూడదు. ఒక లాయరు, కనీసం ఒక మహిళ, వైద్యంతో సంబంధం లేని ఒక మామూలు మనిషి ఉండి తీరాలి. ఆ మామూలు మనిషిగా కూర్చునేది నేను. మీ చేతిలో ఉన్నలాంటి ఫారాలు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవడమే నా పని.

పైన అన్నగారు ఎత్తిన ఖమ్మం సంగతి ముందు చెప్తాను. నేను ఈ కమిటీలోకి వచ్చిందే దానివల్ల. 2009లో అక్కడ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. కానీ 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు. తర్వాత పార్లమెంటు కమిటీ చూస్తే, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని 9,543 సమ్మతి ఫారాల్లో 2,763 ఫారాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. తల్లిదండ్రులు బతికుండగానే! స్కూల్లో బతుకంతా గడిపినదాన్ని. ఆ అంకె చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే విషయం. చెప్పకుండా, అడగకుండా ఒకరి ఒంట్లోకి మందు ఎక్కించడం తప్పు. అన్నగారి కోపం న్యాయమైనదే. అయితే ఆ తప్పులు బయటపడ్డాకే, సుప్రీంకోర్టు దాకా కేసులు వెళ్ళాకే, 2013లో ఒకసారి, 2019లో ఇంకోసారి రూల్స్ గట్టిపడ్డాయి. ఇప్పుడు మీ చేతిలో ఏమేం హక్కులున్నాయో తెలుసుకుని అప్పుడు కాదనండి, అవుననండి.

ఇక మీ అమ్మగారి ట్రయల్. మామూలు మాత్రల్లో ఉండేది ఒక రసాయనం. ఎవరు తయారు చేసినా అణువు అదే. అందుకే జెనరిక్ మాత్రకి కొద్దిమంది ఆరోగ్యవంతుల రక్తంలో మందు ఎంత చేరిందో చూస్తే సరిపోతుంది. ఆ పనికి వెళ్ళేవాళ్ళకి డబ్బులిస్తారు, మన ఊళ్ళలో ఏజెంట్లు తిరిగేదీ వాటికే. మీ అమ్మగారిది అది కాదు. ట్రాస్టుజుమాబ్‌ని బతికున్న కణాల్లో పెంచి తీస్తారు. ఒకే అంటు మామిడి రెండు తోటల్లో నాటితే కాయలో కాస్త తేడా వచ్చినట్టు, ఇంకో కంపెనీ తీసిన మందు అచ్చంగా అదే అని లెక్కకట్టి చెప్పలేం. రోగులకి ఇచ్చి, పాత మందుతో పక్కపక్కన పెట్టి, గడ్డ తగ్గడంలో తేడా లేదని చూపిస్తేనే మామూలుగా అమ్మకానికి అనుమతి వస్తుంది. ఇలా వచ్చిన ట్రాస్టుజుమాబ్‌లు 2014 నుంచే మన దేశంలో అమ్ముతున్నారు. కంపెనీకి ఆ రుజువు కావాలి, అందుకే ఖర్చు పెట్టుకుంటుంది. ఉచితం వెనక ఉన్నది ఇదే.

ఉత్త సూది భయం మీ ట్రయల్‌లో అక్కర్లేదు. రెండు గుంపులకీ మందే ఇస్తారు, కీమో ఇద్దరికీ ఉంటుంది. పనిచేసే వైద్యం ఉండగా దాన్ని ఎగ్గొట్టి ఉత్త మందు ఇస్తే, దానివల్ల జరిగిన నష్టానికి పరిహారం కట్టాలని 2019 రూల్స్‌లోనే ఉంది. అయినా మీ ఫారంలో రెండు గుంపులకీ ఏమేం ఇస్తారో రాసిన పేరా వెతికి, వేలు పెట్టి చదవండి.

ఎవరికి ఏ మందు అన్నది కంప్యూటర్ తీస్తుంది. డాక్టరుకి కూడా చెప్పకపోవడం మీకు వింతగా అనిపించి ఉంటుంది. 2020 గుర్తు తెచ్చుకోండి. కోవిడ్ తగ్గినవాళ్ళ రక్తంలోంచి తీసే ప్లాస్మా కోసం వాట్సాప్ గ్రూపుల్లో మనమంతా ఎంత వెతికాం! దొరికినవాళ్ళు బతికితే ప్లాస్మా వల్లే అనుకున్నాం. అదే ఏడాది కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్ళు 39 ఆసుపత్రుల్లో 464 మందిని తీసుకుని, చీటీ తీసినట్టు సగం మందికి ప్లాస్మా ఎక్కించి, మిగతా సగానికి మామూలు వైద్యం మాత్రమే చేశారు. జబ్బు ముదిరినవాళ్ళు, చనిపోయినవాళ్ళు కలిపి ప్లాస్మా గుంపులో 44 మంది, రెండో గుంపులో 41 మంది. అంటే లాభం లేదు. 2021 మేలో దాన్ని వైద్య సూచనల్లోంచి తీసేశారు. ఇంకో గుంపుతో పోల్చకపోతే మన ఆశే మనల్ని మోసం చేస్తుంది. ఏది ఇస్తున్నారో తెలిస్తే డాక్టరు కూడా తెలియకుండానే ఒకవైపు మొగ్గుతారు. అత్యవసరమైతే ఏ మందో అప్పటికప్పుడు తెలుసుకునే ఏర్పాటు ఉంటుంది. ఆ సంగతి కూడా ఫారంలో ఉందో లేదో చూడండి.

ప్రమాదం సంగతి దాచను. ట్రాస్టుజుమాబ్, పాతదైనా కొత్తదైనా, కొందరిలో గుండె పంపింగ్‌ని తగ్గిస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందు టూడీ ఎకో అనే గుండె స్కాన్ తీస్తారు, తర్వాత మూడు నెలలకోసారి తీస్తూ ఉంటారు. మొదటిసారి ఎక్కించినప్పుడు చలి, జ్వరం రావచ్చు. ట్రయల్‌లో చేరకపోయినా ఇవి తప్పవు. ట్రయల్ వల్ల అదనంగా పడేది ఏమిటంటే, కొత్త మందు పాతదానంత బాగా పనిచేయకపోవచ్చన్న చిన్న అవకాశం, ఎక్కువసార్లు రక్తం తీయడం, చెప్పిన తేదీకి తప్పక రావడం. నెల్లూరు నుంచి ఏడాది పొడుగునా రావడం చిన్న విషయం కాదు.

ట్రయల్ వల్ల ఏదైనా జరిగితే వైద్యం పూర్తిగా ఉచితంగా చేయాలి. తీవ్రమైనదైతే డాక్టరు 24 గంటల్లో డ్రగ్స్ కంట్రోలర్‌కి, కంపెనీకి, మా కమిటీకి చెప్పాలి. ట్రయల్ వల్లే మరణం అని తేలితే పరిహారానికి ఒక సూత్రం ఉంది. 8 లక్షలని వయసు అంకెతో, జబ్బు తీవ్రత అంకెతో హెచ్చించి 99.37తో భాగించాలి. 65 ఏళ్ళవాళ్ళ వయసు అంకె సరిగ్గా ఆ 99.37. వయసు తగ్గేకొద్దీ అంకె పెరుగుతుంది. తీవ్రత అంకె 0.5 నుంచి 4 దాకా ఉంటుంది, మనిషి ఎంత ఆరోగ్యంగా ఉంటే అంత ఎక్కువ. ఈ లెక్క మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పలేదు. ఆ మాటలు ఫారంలో ఎందుకున్నాయో చెప్తున్నాను. అవి లేని ఫారం నా ముందుకొస్తే తిప్పి పంపేస్తాను.

మధ్యలో ఎప్పుడైనా వద్దనవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. మామూలు వైద్యం అక్కడే కొనసాగించాలి. కాకపోతే అప్పుడు మందు ఖర్చు మీదే.

ఇక ఫారంలో నేనైతే వెతికే మొదటి విషయం ఇది. ఉచిత మందు ఆపరేషన్ దాకానా, ఏడాది పూర్తయ్యేదాకానా? ఇలాంటి ట్రయల్స్‌లో గడ్డ తగ్గిందో లేదో తెలిసేది ఆపరేషన్ నాటికే. అక్కడితో కంపెనీకి కావలసింది దొరికిపోతుంది. మిగతా సూదుల ఖర్చు ఎవరు పెట్టుకోవాలో కాగితం మీద రాసి ఉండాలి, నోటిమాట చాలదు. అలాగే ఫారం మీద సీటీఆర్ఐ అని మొదలయ్యే ఒక నంబరు ఉంటుంది. 2009 జూన్ 15 నుంచి ప్రతి ట్రయల్ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాల్సిందే. ఆ నంబరు ఆ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే కంపెనీ ఎవరో, ఏ ఏ ఆసుపత్రుల్లో నడుస్తోందో, మీ ఆసుపత్రి పేరు అందులో ఉందో లేదో తెలుస్తుంది. చివరి పేజీల్లో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు కూడా ఉంటుంది. దానికి ఫోన్ చేయడానికి మొహమాటపడకండి.

ఒక మాట అడగాలి. ఫారం అమ్మకి ఇంకా చూపించలేదన్నారు. ఎందుకు?

నల్గొండ రైతుబిడ్డ

మా నాన్న షుగర్ మాత్ర ట్రయల్‌లో ఉన్నాడు, అది అయిపోయింది కూడా. అక్కడ ఒక గుంపుకి కొత్త మాత్ర, ఇంకో గుంపుకి ఉత్త మాత్ర. కాకపోతే రోజూ వేసుకునే మెట్‌ఫార్మిన్ ఇద్దరికీ ఆపలేదు. చేరేముందు నేనూ మీలాగే భయపడ్డాను. అక్కడ చూసినవి నాలుగు చెప్తాను.

సంతకం పెట్టాక కూడా పరీక్షలు చేసి కొందరిని పంపించేస్తారు. అక్కడ చేరినట్టే అనుకుని ఆశ పెట్టుకోవద్దు. నాన్నతో పాటు వచ్చిన ఒకాయనకి కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ ఎక్కువుందని తీసుకోలేదు, ఆయన చాలా బాధపడ్డాడు. అయితే అప్పటిదాకా చేసిన పరీక్షల కాగితాలు ఇచ్చి పంపారు, అవి ఆయనకి తర్వాత పనికొచ్చాయి.

ఒక కార్డు ఇస్తారు, అందులో ట్రయల్ పేరు, డాక్టరు ఫోన్ నంబరు ఉంటాయి. నాన్న దాన్ని లామినేషన్ చేయించి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ఒకసారి ఊళ్ళో జ్వరమొస్తే ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి పోయాడు. ఆయన సూది తీయబోతూ జేబులో కార్డు చూసి, ముందు ఆ నంబరుకి ఫోన్ చేసి ఏ మందు ఇవ్వొచ్చో అడిగాడు. కాబట్టి కార్డు అమ్మగారి దగ్గరే ఉండాలి, మీ హ్యాండ్‌బ్యాగ్‌లో కాదు.

డబ్బులు మాత్రం ఆలస్యం చేశారు. బస్సు టికెట్లన్నీ ఇచ్చినా ఛార్జీలు నెలల తరబడి రాలేదు. గట్టిగా అడిగాక ఒక్కసారే ఇచ్చారు. టికెట్ల ఫోటోలు తీసి పెట్టుకోండి. మిగతా విషయాల్లో వాళ్ళని అనను. మామూలు ఓపీలో రెండు నిమిషాలు చూసే డాక్టరు, ట్రయల్ రోజున నాన్నతో అరగంట కూర్చునేవాడు.

పెన్నా ఒడ్డు

టీచర్ గారూ, అన్నలూ, చాలా థాంక్స్. సీటీఆర్ఐలో చూశాను, మా ఆసుపత్రి పేరుంది. టీచర్ గారు చెప్పినట్టు సూదుల సంగతి వెతికితే ఒక పేజీలో "శస్త్రచికిత్స వరకు" అని, ఇంకో పేజీలో "మొత్తం 52 వారాలు" అని ఉంది. కోఆర్డినేటర్‌కి ఫోన్ చేస్తే ఏడాది మొత్తం ఇస్తామనే అంది.

ఇక మీరు అడిగినదానికి. అమ్మకి క్యాన్సర్ అని చెప్పలేదండీ. గడ్డ అనే చెప్పాం, మందులతో కరిగిపోతుందన్నాం. మా పెద్దమ్మ ఇదే జబ్బుతో పోయింది. ఆ పేరు వింటే అమ్మ తట్టుకోలేదని నాన్నా, నేనూ, మామయ్యా అనుకున్నాం. అమ్మ ఏ కాగితం మీదైనా నేను చెప్తే సంతకం పెట్టేస్తుంది. ఆ ఫారం నేనే చదివి, నేనే అర్థం చేసుకుని, అమ్మ చేత సంతకం పెట్టిస్తే కుదరదా?

లెక్కల టీచర్, రిటైర్డ్

కుదరదు తల్లీ. మెత్తగా చెప్పలేకపోతున్నందుకు ఏమీ అనుకోకు. ఇక్కడ మాత్రం కచ్చితంగా ఉండాలి.

మీ అమ్మగారు స్పృహలో ఉన్నారు, చదువుకున్నారు, తన గురించి తాను నిర్ణయించుకోగలరు. ఆవిడ బదులు మీరు ఒప్పుకోవడానికి చట్టంలో చోటు లేదు. రాయడం రానివాళ్ళ దగ్గర కూడా, బయటి సాక్షి ఎదురుగా మొత్తం చదివి వినిపించి, అప్పుడు వేలిముద్ర తీసుకుంటారు. జబ్బు పేరే తెలియకుండా పెట్టిన సంతకం ఉత్త గీత. ఖమ్మంలో వార్డెన్లు కూడా పిల్లల మంచికేనని అనుకునే పెట్టి ఉంటారు.

రూలు పక్కన పెట్టి చూసినా, దాచడం జరిగే పని కాదు. కీమో మొదలైతే జుట్టు రాలుతుంది. డే కేర్‌లో పక్క మంచం మీద ఉన్నావిడ "మీకు ఏ స్టేజీ?" అని అడుగుతుంది. నేను చూసిన ఆడవాళ్ళలో చాలామందికి ఇంట్లోవాళ్ళు చెప్పకముందే తెలుసు. మనం ఏడుస్తామని వాళ్ళూ పైకి అనరు.

పెద్దమ్మగారి సంగతి వేరు, మీ అమ్మగారి సంగతి వేరు. హెర్-2 రకానికి ఈ సూది మొదట అమెరికాలో అనుమతి పొందింది 1998లో. అంతకు ముందు ఇదే రకం వచ్చినవాళ్ళకి లేని దారి ఇప్పుడుంది. ఆ మాట చెప్పాల్సింది మీరు కాదు, డాక్టరు. కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి, "అమ్మకి జబ్బు పేరు ఇంకా తెలియదు, ముందు డాక్టరుగారు విడిగా కూర్చుని చెప్పాలి, ట్రయల్ మాట ఆ రోజు ఎత్తవద్దు" అని అడగండి. జబ్బు విన్న రోజే ఫారం పెట్టకూడదు. మూడు రోజుల గడువు అన్నారు కదా, ఇంకొంచెం టైమ్ అడగండి. ఆలోచించుకోవడానికి తగినంత సమయం ఇవ్వాలని కూడా రూలే ఉంది. ఒకవేళ మీ అమ్మగారు వద్దంటే, అది కూడా సరైన జవాబే.

రెండు పేజీల్లో రెండు రకాలుగా ఉన్న విషయం ఫోన్ మాటతో వదిలేయకండి. ఆ రెండు పేజీల ఫోటో తీసి ఆ ఎథిక్స్ కమిటీకి పంపండి. మీకోసమే కాదు, మీ వెనక అదే ఫారం చదివే వాళ్ళందరి కోసం.

కృష్ణలంక వాసి

చెల్లెమ్మా, టీచర్ గారు చెప్పినట్టే చెయ్యి. వద్దని నేను తొందరపడి అన్నా, నిర్ణయం అమ్మది. హైదరాబాద్‌లో ఉండాల్సి వస్తే మా తమ్ముడి ఇల్లు ఆ ఆసుపత్రులకి దగ్గర్లోనే. మెసేజ్ పెట్టు.

పెన్నా ఒడ్డు

డాక్టరుగారు చెప్పారు. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అక్కకి వచ్చినప్పుడే నాకు అనుమానం, మీరంతా గుసగుసలాడుతుంటే తెలియదా" అంది. నాన్న బయటికి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక ఫారం తనే అడిగి తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని పెన్సిల్‌తో గీతలు గీస్తూ చదివింది. నాకు తట్టని ప్రశ్నలు అడిగింది. తీసిన రక్తాన్ని వేరే దేశం పంపుతారా? తన పేరు కంపెనీకి తెలుస్తుందా? బీపీ మాత్ర మానాలా? వెళ్ళి వాటన్నిటికీ జవాబులు విన్నాకే సంతకం పెట్టింది. ఒక కాపీ తన దగ్గరే ఉంచుకుంది. కమిటీ నుంచి కూడా ఫోన్ వచ్చింది, ఆ పేజీ సరిదిద్ది ఏడాది మొత్తం అని స్పష్టంగా రాసిన ఫారం మీదే సంతకం తీసుకున్నారు.

ఎకో బాగానే ఉంది. వచ్చే గురువారం మొదటి సూది. టీచర్ గారూ, ఆ రోజు రాత్రే సింహపురి ఎక్స్‌ప్రెస్‌కి తిరుగు టికెట్ తీసుకోవచ్చా అని అమ్మ మిమ్మల్ని అడగమంది.

లెక్కల టీచర్, రిటైర్డ్

మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. గురువారం రాత్రికి వద్దు, శుక్రవారం రాత్రికి తీసుకోండి. మొదటి డోసు నెమ్మదిగా, గంటన్నర పాటు ఎక్కిస్తారు. చలి, జ్వరం ఏమైనా వస్తాయేమోనని ఆ తర్వాత కూడా గంటల తరబడి కూర్చోబెట్టి చూస్తారు. దాని మీద కీమో కూడా ఉంటుంది. మొదటిది బాగా పడితే తర్వాతవి అరగంటలో అయిపోతాయి, అప్పటి నుంచి అదే రోజు రాత్రి బండి అందుకోవచ్చేమో కోఆర్డినేటర్‌ని అడగండి. ఆ రాత్రి ఉండే చోటు ఖర్చు కూడా ఇస్తారా అని ఇప్పుడే అడిగి, రాతలో తీసుకోండి. పొద్దున మొదటి స్లాట్ అడగండి. దుప్పటి ఒకటి తీసుకెళ్ళండి, డే కేర్‌లో ఏసీ గట్టిగా ఉంటుంది.